చీర వెనకవైపు చూపించండి: చేనేత అమ్మేవాళ్లు ఫోన్‌తో వీడియో ఎలా చేయాలి

పోచంపల్లి ఇక్కత్ చీరను ఫోన్‌లో చూసి కొనే మనిషిని ఒక అనుమానం పీకుతూ ఉంటుంది. ఇది మగ్గం మీద నేసిందా, మిల్లులో ప్రింటు వేసిందా? ఫొటోలో ఆ తేడా దొరకదు. అదే చీరను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఇక్కత్‌లో ముందు దారానికి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. చాలా ప్రింటు చీరల్లో వెనకవైపు వెలవెలబోతుంది, ముందువైపు గీతలు మాత్రం గీసినట్టు తిన్నగా ఉంటాయి. చీరను తిప్పి చూపించడానికి ఐదు సెకన్లు చాలు. అయినా ఆన్‌లైన్‌లో చీరలమ్మే వీడియోల్లో ఆ ఐదు సెకన్లు అరుదుగా కనిపిస్తాయి.

ఇది ఇక ముందు మరీ ముఖ్యం. రెండు వాక్యాలు టైపు చేస్తే వీడియో తయారుచేసి ఇచ్చే ఏఐ పరికరాలు 2024 నుంచి సామాన్యుల చేతికి వచ్చాయి. పట్టుచీర కట్టుకుని గుడి మెట్లు దిగే అమ్మాయి కావాలంటే నిమిషాల్లో తయారు. అందమైన వీడియో అందరి దగ్గరా ఉన్నప్పుడు అందానికి పెద్ద విలువ ఉండదు. కొనేవాళ్లు వెతికేది నమ్మకం కోసం. ఈ చీర నిజంగా ఉందా, ఈ రంగులోనే ఉందా, అమ్మే మనిషి రేపు ఫోనెత్తుతాడా? వ్యాపారంలో వీడియో ఇకపై ఈ ప్రశ్నలకు సాక్ష్యం పలకాలి. నేతపనివాళ్లకు ఇది మంచి కాలమని నా నమ్మకం. చూపించడానికి నిజమైన పని ఉన్నది వాళ్ల దగ్గరే.

నేత కుటుంబాలు, చిన్న షాపులవాళ్లు, ఇంటి దగ్గర చీరలమ్మే ఆడవాళ్లు చేయగలిగిన పద్ధతి కింద చెబుతున్నాను. ఉదాహరణలు పోచంపల్లివి. గద్వాల, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ చీరలమ్మేవాళ్లు తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

1. ముందు ప్రశ్నలు ఏరండి

కెమెరా తర్వాత. మొదట వాట్సాప్ తెరిచి, గత మూడు నాలుగు నెలల్లో కొనుగోలుదారులు అడిగినవన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. వాళ్లు రాసింది రాసినట్టే రాసుకోండి.

"కలర్ సేమ్ ఇలాగే ఉంటుందా అండీ?"
"ప్యూర్ పట్టేనా, మిక్సా?"
"ఉతికితే రంగు దిగుతుందా?"
"బ్లౌజు పీసు చీరలోనే ఉందా, విడిగా ఇస్తారా?"
"అక్కా, ఇలాంటిదే బయట సగం రేటుకి ఉంది, మీ దగ్గర ఎందుకంత?"

ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నను పైన పెట్టండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వీడియో. ఏ వీడియో తీయాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, రాబోయే కొన్ని నెలల పని ఆ పేజీలోనే ఉంది.

వీటిలో రేటు ప్రశ్నను చాలామంది తప్పించుకుంటారు. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాసి ఊరుకుంటారు. ధర వీడియోలోనే చెప్పండి, ఎందుకంత అయిందో కూడా చూపించండి. పోచంపల్లి చీరకైతే చూపించాల్సింది బోలెడుంది. గ్రాఫు కాగితం మీది డిజైను ప్రకారం దారాలకు రబ్బరు పట్టీలతో చిటికీలు కట్టడం, రంగులో ముంచడం, ఆరబెట్టడం, కట్లు విప్పి ఇంకో రంగుకు మళ్లీ కట్టడం, కండెలు చుట్టడం, చివరికి గుంట మగ్గం మీద పడుగులోకి (నిలువు దారాలు) పేక (అడ్డ దారం) పడి చుక్కకు చుక్క కలవడం. వీటన్నిటికంటే ముందు ఆసు పోయడం, అంటే చట్రం మీది మేకులకు దారం చుట్టడం ఉంటుంది. యంత్రం రాకముందు ఇంటి ఆడవాళ్లు ఒక్క చీర కోసం చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి చెబుతూ ఆసు పోస్తున్న దృశ్యం అరనిమిషం చూపించండి. ఆ తర్వాత రేటు చెబితే వినేవాళ్లు దాన్ని వేరే చెవితో వింటారు.

2. వెలుతురు, రంగు, శబ్దం

కొత్త ఫోను కొనక్కర్లేదు. ఇప్పుడు చేతిలో ఉన్నదానితోనే మొదలుపెట్టండి. డబ్బు పెట్టదలిస్తే ముందు కాలర్‌కు తగిలించే చిన్న మైకు, తర్వాత ఫోను కదలకుండా నిలబెట్టే ట్రైపాడ్ కొనండి. తీసే ముందు ప్రతిసారీ లెన్సును మెత్తని నూలుగుడ్డతో తుడవండి. మగ్గం ఉన్న ఇంట్లో గాలిలో నూలు పొడి ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది, అది లెన్సు మీద కూర్చుంటే వీడియో మంచుపట్టినట్టు వస్తుంది.

చీరలకు రంగే ప్రాణం. ఆన్‌లైన్ చీరల్లో వాపసులకూ గొడవలకూ చాలావరకు మూలం అదే. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఉదయం పూట తీయండి. గదిలో లైట్లు ఆర్పేయండి. కిటికీ వెలుతురు, పసుపు బల్బు రెండూ కలిస్తే చీర ఒక పక్క ఒక రంగులో, ఇంకో పక్క ఇంకో రంగులో పడుతుంది. ఫోను సెట్టింగుల్లో రంగులను మెరిపించే మోడ్లు, బ్యూటీ ఫిల్టర్లు అన్నీ తీసేయండి. తర్వాత తెరమీద చీర ఉన్నచోట వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడితో లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే ముదురు రంగు చీర నుంచి లేత రంగు చీరకు కెమెరా తిప్పినప్పుడల్లా ఫోను తనంతట తాను వెలుతురు మార్చేస్తుంది, అసలు రంగేదో మీకే అర్థం కాకుండా పోతుంది. ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగు) కూడా ఒకచోట నిలపండి. ఫ్రేములో ఒక మూల తెల్లకాగితం పెట్టి తీస్తే, ఆ కాగితం తెల్లగానే ఉందో లేదో చూసి రంగు సరిగా వచ్చిందో లేదో పట్టుకోవచ్చు.

ముదురు ఎరుపులు, వంగపండు రంగు, కనకాంబరం ఫోన్లను బాగా తికమక పెడతాయి. ఈ రంగుల చీరలు తీసినప్పుడు వీడియోను, చీరను పక్కపక్కన పెట్టి మీ కంటితో పోల్చండి. తేడా ఉంటే ఆ మాట వీడియోలోనే అనేయండి: "తెరమీద కొంచెం ఎక్కువ ఎర్రగా కనిపిస్తోంది, చేతిలో ఇంకాస్త ముదురుగా ఉంటుంది." చూసేవాళ్ల ఫోన్లు కూడా ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి రంగు పేరు నోటితో చెప్పండి. నెమలిపింఛం, చిలకపచ్చ, మామిడిచిగురు, గంధం, నేరేడు. తెలుగిళ్లలో చీరల రంగులకు ఇంత నికరమైన పేర్లుండగా "డార్క్ గ్రీన్" దగ్గర ఆగిపోవడం ఎందుకు? వీలైతే అదే చీరను రాత్రిపూట లైటు కింద మరో పది సెకన్లు తీయండి. పెళ్లిళ్లలో పట్టుచీర కట్టేది ఎక్కువగా రాత్రి దీపాల కిందే.

రాత్రి తీసేటప్పుడు వీడియోలో చారలు పాకుతున్నట్టు కనిపిస్తే ఫోను పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. కొన్ని ట్యూబులైట్లు, ఎల్‌ఈడీ బల్బులు దానికి తగ్గట్టు మన కంటికి తెలియని వేగంతో మినుకుతుంటాయి. ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడు (ఒక్కో ఫ్రేముకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/50 సెకను గానీ 1/100 గానీ పెడితే ఆ చారలు పోతాయి.

శబ్దం గురించి ఒక్కమాట. మగ్గం ఆడుతుండగా మాట్లాడితే మాట వినపడదు. ముందు మగ్గం ఆపి మాట్లాడండి, తర్వాత నోరు విప్పకుండా మగ్గం శబ్దాన్ని విడిగా రికార్డు చేయండి. రెండూ పనికొస్తాయి.

3. కోత లేకుండా ఒక్క షాటు

పాటకు తగ్గట్టు ముక్కలు ముక్కలుగా కోసిన రీల్ చూడ్డానికి బాగుంటుంది, కానీ ముక్కకూ ముక్కకూ మధ్య చీర మారిందేమో అన్న సందేహం మిగులుతుంది. అందుకే ప్రతి చీరకూ ఒకటైనా మధ్యలో ఎక్కడా కోయని వీడియో తీసి పెట్టుకోండి. నలభై ఐదు సెకన్ల నుంచి నిమిషం చాలు. ఫోను నిలువుగా పట్టుకోండి, ఇద్దరు మనుషులుంటే పని తేలిక.

చీర వెనకవైపుతో మొదలుపెట్టండి. "నమస్కారం, మా పేజీకి స్వాగతం" అంటూ మొదలుపెడితే ఆ మాట పూర్తయ్యేలోపే వేలు పైకి జారిపోతుంది. వెనకవైపు చూపిస్తూ "ఇది చీర వెనకవైపు, ఇప్పుడు తిప్పుతున్నా చూడండి" అనండి. తిప్పాక కొంగు, అంచు, ఒళ్లు, బ్లౌజు పీసు ఆ వరసలోనే చూపించండి. గుడ్డను పిడికిట్లో పట్టి వదలండి, అది జారే తీరులో బరువు, మెత్తదనం తెలుస్తాయి. అంచు దగ్గర కెమెరాను బాగా దగ్గరికి తెచ్చి రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంచండి. నేతలో ఎక్కడైనా దారం తేడాగా పడి ఉంటే దాన్నీ వేలితో చూపించండి. చేతిపనిలో అది సహజమని మీ నోటితో వింటే కొనేవాళ్లు ఒప్పుకుంటారు, పార్శిల్ విప్పాక వాళ్లంతట వాళ్లకు కనిపిస్తే అదే లోపమవుతుంది. చివర్లో పొడవు, బ్లౌజు ఎంత, ధర ఎంత అన్నది చెప్పి ఆపేయండి.

మీ సరుకుకు అసలు పట్టుకిచ్చే సిల్క్ మార్క్ గానీ, చేనేతకిచ్చే హ్యాండ్లూమ్ మార్క్ గానీ ఉంటే ఆ లేబుల్‌ను చదవగలిగేంత దగ్గరగా చూపించండి. లేని గుర్తును వీడియోలోకి లాగకండి. పట్టు అని నిరూపించాలంటే ఇంకో దారి ఉంది. చీర కొసన వేలాడే రెండు పోగులు తుంచి కెమెరా ముందే కాల్చండి. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పట్టుపోగు, పాలిస్టర్ పోగు పక్కపక్కన కాల్చి చూపించే వీడియో ఒకటి తీసి పెట్టుకోండి, "ప్యూరేనా" అన్న ప్రతివాళ్లకూ అదే పంపొచ్చు.

4. మాట మీదే ఉండాలి

రాసుకుని చదవకండి. ఎదురుగా కూర్చున్న కొనుగోలుదారుకు చెప్పినట్టే చెప్పండి. భువనగిరి యాసైనా, కాకినాడ యాసైనా దాన్ని టీవీ తెలుగులోకి దిద్దొద్దు. యాస వింటేనే ఆ చీర ఏ ఊరి మనిషి చేతిలోంచి వస్తోందో తెలుస్తుంది.

చాలామంది శబ్దం తీసేసి చూస్తారు కాబట్టి తెరమీద తెలుగు అక్షరాలు తప్పనిసరి. యాప్ తనంతట తాను రాసిన అక్షరాలను ఒకసారి చదివి దిద్దండి. చిటికి, పడుగు, పేక, కండె లాంటి మాటలు దానికి సరిగా అందవు. హైదరాబాద్‌లోని హిందీవాళ్లకు, బెంగళూరువాళ్లకు, అమెరికాలో పుట్టి తెలుగు చదవలేని మన పిల్లలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఉంటే మేలు. వీడియోను వేరే భాషలోకి దానంతటదే డబ్ చేసే సౌకర్యాలు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒక్కో భాషగా వస్తున్నాయి. వాడుకోండి, కానీ ఆ భాష తెలిసిన మనిషి ఒకరికి వినిపించాకే వదలండి. రేటు, పొడవు, వాపసు నిబంధన ఈ మూడింట్లో తప్పు దొర్లితే నష్టం మీదే.

5. ఎక్కడ పెట్టాలి

2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. దాని మీదే వ్యాపారం నిలబెట్టుకున్నవాళ్లు తెల్లారేసరికి చూసేవాళ్లందరినీ పోగొట్టుకున్నారు. కొన్నాళ్లకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. రేపు ఇంకేదో వస్తుంది. అందుకే రెండు పనులు చేయండి. యాప్ ముద్ర లేని అసలు వీడియోలను హార్డ్‌డిస్కులో తేదీల వారీగా దాచండి. కొన్నవాళ్ల నంబర్లను వాళ్ల అనుమతితో మీ పుస్తకంలో ఉంచుకోండి. ఏ యాప్ పోయినా ఈ రెండూ మీ దగ్గర ఉంటాయి.

ఏది ఎక్కడ అన్నది తేలికే. చిటికి నుంచి మగ్గం దాకా చూపించే పది నిమిషాల వీడియో, పట్టు పరీక్ష, ఉతికే పద్ధతి లాంటివి యూట్యూబ్‌కి. జనం వెతికి చూసేది అక్కడ, ఏడాది తర్వాత కూడా ఆ వీడియో దొరుకుతుంది. పేరులో "అద్భుతం" లాంటి మాటలకు బదులు జనం వెతికే మాటలే పెట్టండి: "పోచంపల్లి ఇక్కత్ ఒరిజినల్ ఎలా గుర్తుపట్టాలి". తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయండి, జనం రెండు రకాలుగానూ వెతుకుతారు. చీరను తిప్పే చిన్న వీడియోలు రీల్స్‌కీ, షార్ట్స్‌కీ. రెండింట్లోనూ ఇప్పుడు ఇంకా పొడవైనవి పెట్టుకోవచ్చు గానీ అంత అక్కర్లేదు. ఆరోజు మగ్గం దిగిన చీర వాట్సాప్ స్టేటస్‌కి.

సినిమా పాట వేయొద్దు. వ్యాపార ఖాతాలకు చాలా పాటల హక్కు ఉండదు, వీడియో శబ్దం పోవచ్చు, వీడియోనే పోవచ్చు. ఇందాక విడిగా రికార్డు చేసిన మగ్గం శబ్దం వేయండి. పేక దారాన్ని మోసే నాడె అటూ ఇటూ దూకే ఆ లయ ఏ పాటకూ తీసిపోదు, మీది కాదని అనేవాళ్లూ ఉండరు.

6. ఏఐని ఎక్కడిదాకా రానివ్వాలి

వెనక ఫ్యాను మోత తీసేయడానికి, అక్షరాలు పడేయడానికి, అనువాదానికి, టైటిల్ సలహాలకు ఏఐని నిశ్చింతగా వాడండి. చీరను మాత్రం దానికి అప్పగించకండి. మీ చీర ఫొటో ఇచ్చి, ఏఐ మోడల్‌కు కట్టి చూపించమంటే అది డిజైనును తనకు తోచినట్టు గీస్తుంది. చుక్కల లెక్క మారుతుంది, అంచు వెడల్పు మారుతుంది, కుచ్చిళ్లకు అసలు చీరలో లేని మెరుపు వస్తుంది. చూసి కొన్న మనిషికి వచ్చేది వేరే చీర. అది మోసం చేయాలన్న ఉద్దేశం లేకుండానే జరిగే మోసం. చట్టం కూడా ఒప్పుకోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. నిజంలా కనిపించే ఏఐ వీడియోలకు ఆ సంగతి తెలిపే లేబుల్ ఉండాలని 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలను సవరించారు. యూట్యూబ్ 2024 నుంచే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి అడుగుతోంది.

ఎవరికైనా డబ్బో, ఉచితంగా చీరో ఇచ్చి వీడియో చేయిస్తే అది ప్రకటన అని ఆ వీడియోలోనే స్పష్టంగా చెప్పించండి. ఆ నియమమూ ఉంది. ఎదుటివాళ్లు నిజంగా కట్టుకుని, రెండుసార్లు ఉతికాక మాట్లాడితే ఆ వీడియో ఇంకా బలంగా ఉంటుంది.

7. అమ్మకం జరిగే చోట వీడియో

ప్రచారం కంటే ఇక్కడే వీడియోకు ఎక్కువ భవిష్యత్తు ఉందని నా అభిప్రాయం. ఖరీదైన చీర కొనేవాళ్లకు వీడియో కాల్ సమయం ఇవ్వండి. కాల్‌కు ముందే వాళ్ల బడ్జెట్, రంగులు అడిగి ఆరేడు చీరలు తీసి పెట్టుకోండి, యాభై చీరలు కుప్ప పోస్తే ఎవరూ తేల్చుకోలేరు.

లైవ్ పెడితే ప్రతి చీరకూ పెద్ద అక్షరాల్లో నంబరు చీటీ పెట్టండి. ఫోన్ నుంచి లైవ్‌కు యూట్యూబ్‌లో కనీసం 50 మంది, ఇన్‌స్టాగ్రామ్‌లో 1,000 మంది అనుసరించేవాళ్లు ఉండాలి. అంతవరకు వాట్సాప్ కాల్ చాలు. డబ్బు వచ్చిందో లేదో మీ బ్యాంకు ఖాతాలో చూసుకోండి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్యాకింగ్ వీడియో. "అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే వాపసు లేదు" అని కొనేవాళ్ల మీద షరతు పెట్టే ముందు, మీ వంతు మీరు చేయండి. వాళ్లు ఎంచుకున్న ఆ చీరనే మడత విప్పి, రెండు వైపులా చూపించి, మడిచి, కవరు అంటించేదాకా ఒక్క షాటులో తీసి వాళ్లకు పంపండి. అడ్రసు చీటీ మాత్రం ఫ్రేములో పడనివ్వకండి. కొద్ది నిమిషాల పని. గొడవ వస్తే ఇద్దరి దగ్గరా ఒకే ఆధారం ఉంటుంది. చాలాసార్లు ఆ వీడియోనే వాళ్లు తమ అక్కచెల్లెళ్లకు పంపుకుంటారు.

8. నేసినవాళ్ల సంగతి

మగ్గం మీద కూర్చున్న మనిషి ముఖం చూపించే ముందు అడగండి. ఒప్పుకుంటే పేరు చెప్పండి, వీడియో తీసినంతసేపు ఆగిన పనికి కూలి లెక్కకట్టి ఇవ్వండి. కొత్త డిజైను గ్రాఫు కాగితాన్ని, ఇంకా మగ్గం దిగని చీరను మాత్రం చూపించకండి. ఇక్కత్ డిజైన్లను ప్రింటులోకి దించేవాళ్లు కాచుకుని ఉంటారు.

9. లెక్క చూసుకోవడం

వ్యూలు చూసి మురిసిపోవద్దు, దిగులు పడొద్దు. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో వీడియో ఏ సెకను దగ్గర జనం వదిలేశారో గీత రూపంలో చూపిస్తుంది. గీత ఎక్కడ పడిపోయిందో అక్కడ మీరేం మాట్లాడుతున్నారో వినండి, తర్వాతి వీడియోలో ఆ ముక్క తీసేయండి. కొన్న ప్రతివాళ్లనూ "ఏ వీడియో చూశారండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకోండి. పదివేలమంది చూసినా ఒక్కరూ అడగని వీడియో కంటే, రెండొందలమంది చూసి ముగ్గురు కొన్న వీడియో గట్టిది, అలాంటిదే ఇంకోటి తీయండి.

మొదటి మెట్టులో రాసిన ప్రశ్నల పేజీని నెలకోసారి తీయండి. ఒక ప్రశ్నకు వీడియో పంపాక కూడా అదే ప్రశ్న మళ్లీ వస్తుంటే, జవాబు ఆ వీడియోలో సరిగా కనిపించలేదన్నమాట. దాన్ని మళ్లీ తీయండి. రావడం మానేసిన ప్రశ్నను కొట్టేసి, ఆ నెల కొత్తగా వచ్చినదాన్ని కింద చేర్చుకోండి.